బాస్కెట్‌బాల్ షూటింగ్: తలరాతా, చేతిరాతా?

నమస్కారం. ఈ వీడియో కోపంతో మొదలవుతోంది, ముందే చెప్పేస్తున్నాను. ఏటా ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్ సమయానికి, అంటే జట్లు కొత్త కుర్రవాళ్లను వరసగా ఎంచుకునేటప్పుడు, రెండు మాటలు చెవిన పడతాయి. "కాలేజీలోనే త్రీలు పడలేదు, వీడికి షూటింగ్ రాదు" అనేది ఒకటి. త్రీ అంటే గీత బయటనుంచి వేసే మూడు పాయింట్ల షాట్. "కాలేజీలో దంచేశాడుగా, అక్కడ గీత ఇంకాస్త వెనక్కి ఉంటుంది, అంతే" అనేది రెండోది. రెండూ వింటే నాకు ఒళ్లు మండుతుంది. వీళ్లకు షూటింగ్ అంటే తలరాత. నాకు మాత్రం అది చేతిరాత, మన పెద్దవాళ్ల మాటలో దస్తూరీ. ఈ పోలికను ఈరోజు అరగదీయబోతున్నాను, ఓర్చుకోండి.

[తెర మీద: 2011 జనవరి 26, ప్రోవో, యూటా]

ఆ రాత్రి ఒకే కోర్టులో ఇద్దరున్నారు. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ తరఫున జిమ్మర్ ఫ్రెడెట్. అప్పటిదాకా ఓటమే ఎరగని శాన్ డియాగో స్టేట్ మీద ఒక్కడే 43 పాయింట్లు కొట్టాడు. అమెరికా అంతా అతని పేరే. అవతలి జట్టులో పెద్ద పెద్ద చేతులున్న మౌని ఒకడు, కవాయ్ లెనార్డ్. రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని అందుకోవడం), డిఫెన్సు అతని పేరు నిలబెట్టాయి. త్రీలు చూస్తే మొదటి ఏడాది 20.5 శాతం, ఆ ఏడాది 29.1. జూన్‌లో డ్రాఫ్ట్ జరిగింది. ఫ్రెడెట్‌ను 10వ ఆటగాడిగా తీసుకున్నారు, లెనార్డ్‌ను 15వ ఆటగాడిగా.

ఇప్పుడు ఆ 29.1ని విప్పి చూద్దాం. సీజను మొత్తంలో 110 వేస్తే 32 పడ్డాయి. ఇంకో ఆరేడు పడి ఉంటే అది 35 శాతం, అప్పుడు మనమే "పర్వాలేదు, షూటరే" అనేవాళ్లం. రింగు అంచున తిరిగి బయటపడ్డ ఆరేడు బంతుల మీద ఒక కుర్రవాడి జాతకం రాసేస్తామా? అందుకే అనుభవమున్నవాళ్లు ముందు ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ జరిగితే ఇచ్చే షాట్లు చూస్తారు. 15 అడుగుల దూరం, ఎదురుగా ఎవరూ ఉండరు, తొందర లేదు. అది చూచిరాత పుస్తకం. అసలు దస్తూరీ అక్కడ బయటపడుతుంది. ఆటలో వేసే త్రీ మాత్రం డిక్టేషన్ లాంటిది. మాస్టారు ఆగకుండా చదువుతుంటారు, పక్కవాడు మోచేత్తో పొడుస్తుంటాడు. అందులో నా అక్షరాలు కోడి కెలికినట్టు ఉండేవి, అది వేరే కథ.

లెనార్డ్ ఫ్రీ త్రోలు ఆ ఏడాది దాదాపు 76 శాతం. గొప్పేమీ కాదు, కానీ చెయ్యి చెడ్డది కాదని చెప్పడానికి చాలు. మరి ఇబ్బంది ఎక్కడ? పట్టులో. డ్రాఫ్ట్ ముందు కొలిస్తే అతని అరచేయి చాపినప్పుడు వెడల్పు 11.25 అంగుళాలు. బంతి అడ్డుకొలత తొమ్మిదిన్నర అంగుళాల లోపే. బలపం ముక్క మరీ చిన్నదైతే పెద్ద చేతిలో ఎలా ఇమడదో చూశారుగా, అదీ సంగతి అని నా అనుమానం. పైగా బంతిని తల మీదుగా వెనక్కి తీసుకుపోయి వదిలేవాడు. డ్రాఫ్ట్ రాత్రే అతన్ని తెచ్చుకున్న శాన్ ఆంటోనియో స్పర్స్‌లో చిప్ ఎంగెలాండ్ అనే షూటింగ్ కోచ్ ఉన్నారు. ఆయన కొత్త దస్తూరీ నేర్పలేదు. బంతి వదిలే చోటును కాస్త కిందికి, ముందుకు తెచ్చారు. బలపం పట్టుకునే తీరు సరిదిద్దారు, అంతే.

అంతలో జులై 1 నుంచి లాకౌట్, అంటే యజమానులకూ ఆటగాళ్లకూ ఒప్పందం కుదరక లీగ్ మూతపడింది. డిసెంబరు దాకా కోచ్‌లు ఆటగాళ్లతో మాట్లాడకూడదు. మాస్టారు లేని సెలవుల్లో రోజుకో పేజీ రాసుకునే పిల్లవాడిలా అతను సాధన చేసుకోవాల్సి వచ్చింది. మొదటి ఎన్‌బీఏ సీజనులో త్రీలు 37.6 శాతం!

చోటు కూడా కలిసొచ్చింది. అప్పటి కాలేజీ గీత 20 అడుగుల 9 అంగుళాలు. ఎన్‌బీఏ గీత ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులే. అంటే మూలన నిలబడితే అదనపు దూరం 15 అంగుళాలు. స్పర్స్ అతన్ని మూలనే ఎక్కువ వాడుకున్నారు. రాత ఇంకా కుదురుకోని పిల్లవాణ్ని కిటికీ పక్కన, వెలుతురులో కూర్చోబెట్టినట్టు.

మరి ఫ్రెడెట్? ఇక్కడే రెండో మాటవాళ్లు తప్పులో కాలేస్తారు. "షూటింగ్ పోయింది" అంటారు. ఎక్కడ పోయింది? కాలేజీ చివరి ఏడాది ఫ్రీ త్రోలు 89 శాతం, ఎన్‌బీఏ మొత్తంలో త్రీలు 37 శాతం పైనే. అక్షరం చెక్కుచెదరలేదు. కాలేజీలో బంతి రోజంతా అతని చేతిలోనే ఉండేది, నచ్చినప్పుడు వేసేవాడు. ఎన్‌బీఏలో ఆ స్వేచ్ఛ ఇవ్వడానికి ఎవరూ సిద్ధపడలేదు, డిఫెన్సులో అతని బలహీనతను కప్పిపుచ్చడమూ కష్టమైంది. ముత్యాల్లాంటి దస్తూరీకి దొరికింది అరఠావు కాగితం.

కెమెరా బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. వేగం: అప్పట్లో కాలేజీలో షాట్‌కు 35 సెకన్లు, ఇప్పుడు 30, ఎన్‌బీఏలో 24. కాళ్లు: 40 నిమిషాల ఆట 48 అవుతుంది, సీజనుకు 82 ఆటలు. కాళ్లు అలిసిపోతే బంతి రింగు ముందంచుకే తగులుతుంది. పాదాలు: బంతి చేతికి రాకముందే అవి సిద్ధంగా ఉండాలి. ఈ విద్యలో నాకు ఇష్టమైనవాడు కైల్ కోర్వర్. 2003లో 51వ ఆటగాడిగా వచ్చి, 2009-10 సీజనులో 53.6 శాతం త్రీలతో రికార్డు సృష్టించాడు. స్టెఫెన్ కరీ అయితే షాట్ తీరు మార్చుకునే బాధ హైస్కూల్లోనే పడ్డాడు, తండ్రి డెల్ చేతిలో. అది ఇంకో వీడియో.

[తెర మీద: 2019 మే 12, టొరంటో, ఏడో ఆట]

వెళ్లేముందు ఈ క్లిప్ చూడండి. అప్పటికి లెనార్డ్ టొరంటో జట్టులో ఉన్నాడు, ఏడు ఆటల సిరీస్‌ను తేల్చే ఆట ఇది. స్కోరు 90-90, ఆఖరి క్షణాలు. లెనార్డ్ మళ్లీ మూలకే పరిగెత్తాడు, మీద అవతలి జట్టు ఏడడుగుల జోయెల్ ఎంబీడ్. ఆ చేతిని దాటించడానికి బంతిని ఎంత ఎత్తుకు లేపాడో చూడండి. అది రింగు మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు సార్లు గెంతి లోపలికి జారింది.

ఆ నాలుగు గెంతులు మాత్రం తలరాతే, ఒప్పుకుంటాను.