తేదీల వారీగా పేర్చిన రసీదులు

అందరికీ నమస్కారమండి. ఈ ఆదివారం బయటకు ఎక్కడికీ వెళ్లలేదు. ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటూ, వారం రోజులుగా నన్ను వెంటాడుతున్న ఒక అపరాధ పరిశోధక నవల గురించి మీతో చెప్పుకోవాలనిపించి కెమెరా ముందు కూర్చున్నాను. చదవబోయేవారికి గుట్టు విప్పినట్టు అవుతుంది కనుక దాని పేరు చెప్పడం లేదు.

భర్త శవంతో కథ మొదలవుతుంది, అనుమానం భార్య మీదికి పోతుంది. వంటగది సొరుగులో పోలీసులకు ఒక రసీదుల కట్ట దొరుకుతుంది. పాల ప్యాకెట్టు మొదలు బస్సు టికెట్టు దాకా దేన్నీ వదలకుండా, తేదీల వారీగా పేర్చి రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. పొదుపరి అని ఇన్‌స్పెక్టరు రాసుకుంటాడు, నేనూ అలాగే అనుకున్నాను. సగం పుస్తకం అయ్యాక గానీ తెలియదు, ఆమె ప్రతి రాత్రీ ఆ కాగితాలను భర్త ముందు పరచి, ఎక్కడికి వెళ్లిందో, ఎంత ఖర్చయిందో, తిరిగి రావడానికి ఎందుకంత సేపు పట్టిందో అప్పజెప్పేదని. అది చదివాక వెనక్కి వెళ్లి మొదటి అధ్యాయం మళ్లీ చదివాను. ఆధారం మొదటినుంచీ కళ్లెదుటే ఉంది, చూడలేకపోయింది నేనే.

చేయి చేసుకుంటేనే హింస అని మనలో చాలామంది అనుకుంటాం. జీవిత భాగస్వామి డబ్బునూ, రాకపోకలనూ, స్నేహాలనూ గుప్పిట్లో పెట్టుకుని భయపెట్టడాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రత్యేక నేరంగా గుర్తించినదే 2015లో. ఎదుటి మనిషి తన మతినే తాను అనుమానించుకునేలా చేయడాన్ని ‘గ్యాస్‌లైటింగ్’ అంటారు, ఆ మాట మాత్రం అంతకన్నా పాతది. ఆంగ్ల రచయిత ప్యాట్రిక్ హామిల్టన్ 1938 నాటి ‘గ్యాస్ లైట్’ నాటకంలో, దీపాలు మసకబారడం కళ్లారా చూస్తున్న భార్యకు మతి చలిస్తోందని భర్త నమ్మించబోతాడు. ఆ మాట అక్కడినుంచే పుట్టింది.

ఆమె ఎందుకు వెళ్లిపోలేదని విసుక్కునే పాఠకులకు ఈ నవల ఓపికగా జవాబు చెబుతుంది. రెండుసార్లు సంచి సర్దుకుంటుంది, రెండుసార్లూ అతను ఏడ్చి కాళ్లు పట్టుకుంటాడు. మనస్తత్వవేత్త లెనోర్ వాకర్ 1979లో వివరించిన వలయం, ఉద్రిక్తత పెరగడం, దెబ్బ, ఆపైన పశ్చాత్తాపం, అచ్చంగా ఇదే. విడిపోయే సమయమే ప్రాణానికి ఎక్కువ ముప్పు తెచ్చేదన్న సంగతి కూడా రచయిత్రికి తెలుసు, అందుకే మూడోసారి సంచి సర్దే అధ్యాయం చదువుతుంటే నా చేతులు వణికాయి. ఒక్క కొట్టే సన్నివేశాన్ని మాత్రం నాలుగు పేజీలు సాగదీయకుండా ఉండాల్సింది. రసీదులు చెప్పినదానికి అది కొత్తగా కలిపినదేమీ లేదు.

నవలలో ఆమె స్నేహితురాలు ప్రతి వారం ఫోన్ చేస్తుంది. స్పీకర్ ఆన్‌లో ఉంటుంది, భర్త పక్కనే కూర్చుని ఉంటాడు. “బాగున్నావా?” అంటే “బాగున్నాను” అనే జవాబు వస్తుంది. దూరదేశాల్లో ఉంటున్న మన పలకరింపులూ చాలావరకు అంతే కదండీ. నెలల తరబడి మెసేజీలతోనే సరిపెడుతున్న ఒక స్నేహితురాలికి నిన్న రాత్రి ఫోన్ చేశాను. బాగున్నావా అని అడగలేదు. “ఒక్కదానివే ఉన్నావా, ఇప్పుడు మాట్లాడవచ్చా?” అని అడిగాను.