ఫోను ఎవరి చేతిలో ఉంటుంది?

శ్రోతలకు నమస్కారం.

అంగన్‌వాడీకి వచ్చే మూడేళ్ల నుంచి ఆరేళ్లలోపు పిల్లల సంగతులు ఇంటికి చేరవేయడానికి చాలామంది టీచర్లు ఇప్పుడు వాట్సాప్ గ్రూపు పెడుతున్నారు. వారం రోజులు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత గుడ్ మార్నింగ్ పువ్వులు, పార్టీల వీడియోలు, ఎవరిదో రొయ్యల మేత ప్రకటన. టీచరమ్మ పెట్టిన మాట వాటి అడుగున పడిపోతుంది. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: ఆ ఇంట్లో ఫోను ఎవరి దగ్గర ఉంటుంది?

కోనసీమలో తల్లి కువైట్‌లో పనిచేస్తుంటే బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్లు తక్కువేం కాదు. భీమవరం వైపు తండ్రి చెరువు కాపలాకు వెళ్తే ఫోనూ ఆయనతోపాటే గట్టు మీద ఉంటుంది. ఊడ్పుల రోజుల్లో తల్లి చీకటితోనే చేలోకి దిగుతుంది. కాబట్టి టీచర్లూ, పిల్లల్ని చేర్చుకున్న రోజునే రిజిస్టరులో పేరు పక్కన నాలుగు గళ్లు గీయండి. సాయంత్రం బిడ్డను చూసేదెవరు, వాళ్లది టచ్ ఫోనా బటన్ ఫోనా, అది ఏ వేళకు ఇంట్లో ఉంటుంది, మెసేజి చదువుతారా వింటారా. ఈ చివరి ప్రశ్న ఇలాగే అడగండి. చదువు వచ్చా అని నలుగురిలో అడిగితే మామ్మగారు చిన్నబుచ్చుకుంటారు.

గ్రూపు కంటే బ్రాడ్‌కాస్ట్ లిస్టు మేలు. ఒక్కసారి పంపితే అందరికీ విడివిడిగా వెళ్తుంది, జవాబు మీ ఒక్కరికే వస్తుంది. గ్రూపులో అయితే తల్లుల నంబర్లన్నీ ముక్కూ మొహం తెలియని వాళ్లకు కూడా కనిపిస్తాయి, దానితో వచ్చే తలనొప్పి ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. లిస్టులో 256 మంది దాకా పడతారు, కేంద్రానికి అది చాలా ఎక్కువ. ఒక్క చిక్కుంది. అవతలివాళ్ల ఫోనులో మీ నంబరు సేవ్ అయి ఉంటేనే మెసేజి చేరుతుంది. సగం మందికి అందకపోవడానికి కారణం ఎక్కువగా ఇదే. అందుకే చేర్చుకునేటప్పుడే ‘అంగన్‌వాడీ టీచరు’ అని మీ ఎదుటే సేవ్ చేయించండి. పంపిన మెసేజి మీద వేలు నొక్కిపట్టి వివరాలు తెరిస్తే ఎవరికి చేరిందో తెలుస్తుంది.

రాసి పంపడం కంటే మాట్లాడి పంపండి. మైకు గుర్తు నొక్కి పైకి జరిపితే రికార్డింగు లాక్ అవుతుంది, వేలు తీసేయొచ్చు. ఫ్యాను కింద నిలబడకండి, గాలి హోరు మాటను మింగేస్తుంది. అర నిమిషం దాటనివ్వకండి. అందులో రెండే ఉండాలి: ఈరోజు ఏం చేశాం, ఇంట్లో ఏం చేయించాలి. “ఈరోజు పొట్టి, పొడుగు నేర్చుకున్నాం. రాత్రి అన్నం తిన్నాక ఐదు కొబ్బరాకు ముక్కలు ఇచ్చి, పొట్టి దాని నుంచి పొడుగు దాని వరకు వరసగా పెట్టమనండి. తప్పు పెడితే దిద్దకండి, ఏది పెద్దదో కొలిచి చూడమనండి.” ఇంత చాలు. వారానికి మూడు పంపితే వింటారు. రోజూ పంపితే పది రోజులకే వినడం మానేస్తారు. వీడియోల జోలికి పోకండి. చాలా ఇళ్లలో ఫోను మెమరీ నిండిపోయి ఉంటుంది, వీడియో డౌన్‌లోడే కాదు.

రాత్రి ఏడున్నరకు పంపితే కువైట్‌లో సాయంత్రం ఐదు. అక్కడున్న తల్లి కూడా అదే మాట వింటుంది. దుబాయ్‌లో మామూలుగా వాట్సాప్ కాల్స్ కలవవు, వాయిస్ మెసేజి మాత్రం వెళ్తుంది. తల్లి బిడ్డకోసం తిరిగి ఏదైనా పంపితే ఆటల మధ్యలో వినిపించకండి, పిల్ల బెంగపడితే ఊరుకోబెట్టడం కష్టం. ఇంటికి తీసుకెళ్లడానికి అమ్మమ్మ వచ్చాక ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టి వినిపించండి.

బటన్ ఫోనులకు ఎస్సెమ్మెస్ పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. తెలుగులో ఒక మెసేజికి 70 గుర్తులే. గుణింతం గుర్తూ, ఒత్తు కింద పొల్లూ అన్నీ లెక్కే. ‘అమ్మ’ అంటేనే నాలుగు: అ, మ, పొల్లు, మ. పైగా కొన్ని పాత ఫోనుల్లో తెలుగు డబ్బాలుగా కనిపిస్తుంది. అలాంటి ఇళ్లకు శనివారం రెండు నిమిషాలు ఫోను చేయడమే సుఖం.

బరువు తగ్గిందన్న మాట, మాటలు ఆలస్యమవుతున్నాయన్న అనుమానం మెసేజిలో పెట్టకండి, పిలిచి ఎదురుగా కూర్చుని చెప్పండి. జ్వరం, దెబ్బ అయితే వెంటనే కాల్. పోషణ్ ట్రాకర్ యాప్‌లో బరువు, ఎత్తు ఎక్కించడం ప్రభుత్వ రికార్డు కోసం, అది ఎక్కించినంత మాత్రాన తల్లికి చెప్పినట్టు కాదు. ఫొటో పంపాలంటే ముందు అడగండి, పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టమూ అంటుంది. తల్లిదండ్రులకూ ఒక మాట. రాత్రి ఎనిమిది దాటాక టీచరమ్మకు ఫోను చేయకండి. ఆవిడకూ ఇల్లుంది.

ఇక వరద. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది. లంక గ్రామాల టీచర్లు రెండోదాకా ఆగకూడదు. కేంద్రం నడుస్తుందా లేదా, కోడిగుడ్లు, పాలు ఎక్కడ ఇస్తారు అన్న మెసేజి జూన్‌లోనే తయారుచేసి పెట్టుకుని, మొదటి హెచ్చరికకే పంపేయాలి. కరెంటు పోయి టవర్‌లో డీజిల్ అయిపోతే సిగ్నలే ఉండదు. నెట్ రాకపోయినా కాస్త సిగ్నల్ దొరికితే ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఉంది. నంబర్లన్నీ కాగితం మీద రాసి, పాలిథిన్ కవర్లో పెట్టి, ఒకటి మీ దగ్గర, ఒకటి ఆయా దగ్గర ఉంచండి.

పిల్లలు ఒకటో తరగతికి వెళ్లిపోయిన జూన్‌లో వాళ్ల ఇంటి నంబర్లు లిస్టులోంచి తీసేయండి. ఫోనులో మిగిలిన ఆ పిల్లల ఫొటోలు కూడా.