వాయిదా అడిగితే జడ్జి ఎప్పుడు కాదంటారు?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట కూడా బెంగళూరు ట్రాఫిక్‌లో పడి వచ్చారు కాబట్టి, సెక్షన్ల కంటే ముందు నా పరువు పోయిన కథ చెబుతాను.

జూనియర్‌గా ఉన్న రోజులు. ఇక్కడి మేయో హాల్ కోర్టుల్లో ఒక క్రిమినల్ కేసు, మేం ముద్దాయి తరఫున. కోర్టు హాలు బయట బెంచీ మీద మాలూరు నుంచి వచ్చిన టమాటా రైతు కూర్చున్నాడు. ప్రాసిక్యూషన్ సాక్షి. నల్లకోటు చూసి, "సార్, ఈ పొద్దన్నా నన్ను అడుగుతారా?" అన్నాడు. అతను రావడం అది మూడోసారి. నేనేమో వాయిదా అడగడానికే వెళ్తున్నాను! మా సీనియర్ ఇంకో కోర్టులో ఉన్నారని మెమో పెట్టాను. జడ్జిగారు ఆర్డర్ షీట్ తిరగేసి, "అది కారణం కాదు. అరగంట టైమిస్తాను, క్రాస్ మీరే చేయండి" అన్నారు. క్రాస్ అంటే ఎదుటివారి సాక్షిని మనం ప్రశ్నించడం. చేతులు వణుకుతూనే చేశాను.

ఆయన అన్నది చట్టంలో ఉన్న మాటే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 309వ సెక్షన్. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 346. సాక్షుల విచారణ మొదలయ్యాక రోజువారీగా సాగాలి. వచ్చిన సాక్షిని అడగకుండా పంపాలంటే ప్రత్యేక కారణం రాతపూర్వకంగా ఉండాలి. పరిస్థితి తమ చేతిలో లేదని అడిగినవాళ్లు చూపిస్తేనే వాయిదా. కొత్త చట్టంలో అదీ రెండుసార్లకు మించకూడదు, ఎదుటివారి అభ్యంతరం కూడా వినాలి. లాయరు వేరే కోర్టులో ఉన్నాడన్నది సాకుగా పనికిరాదు. వాయిదా ఇచ్చినా ఖర్చులు కట్టమనవచ్చు.

2015లో వినోద్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కోప్పడింది దీని మీదే. ఒక సాక్షి చీఫ్, అంటే పిలిచినవాళ్లే ముందుగా అడిగే ప్రశ్నలు, అయ్యాక, క్రాస్‌కి ఏడాది ఎనిమిది నెలలు పట్టింది. ఈలోపు సాక్షి మనసు మార్చేయడానికి ఎంత వీలుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సాక్షి ఎదుటే ఉండి, లాయరు సిద్ధంగా లేనంటే, జడ్జి "క్రాస్ నిల్", అంటే క్రాస్ ఏమీ లేదని రాసేయవచ్చు. తర్వాత సాక్షిని మళ్లీ పిలిపించమని పిటిషన్ పెట్టుకోవాలి; దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం, పోక్సో కింద కేసు అయితే మరీ కష్టం, పిల్లల్ని పదేపదే కోర్టుకు రప్పించకూడదని ఆ చట్టమే చెబుతోంది.

మరి జడ్జి ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదా? నేనలా అనుకోను. మధ్యప్రదేశ్‌లోని అనోఖీలాల్ కేసు చూడండి. 2013లో అతనికి ఉచిత న్యాయ సహాయం కింద లాయరును పెట్టిన రోజే అభియోగాలు మోపారు. రెండు వారాలలోపే ఉరిశిక్ష! ఆ లాయరు కాగితాలు చదివిందెప్పుడు, ముద్దాయితో మాట్లాడిందెప్పుడు? 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, మళ్లీ మొదటి నుంచి విచారించమంది. యావజ్జీవం, ఉరి పడే కేసుల్లో అలాంటి లాయరుకు మామూలుగా కనీసం ఏడు రోజులైనా ఇవ్వాలంది. అక్కడ టైమ్ అడగడం సాగదీయడం కాదు.

మనవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. అనంతపురం నుంచి ఇక్కడికి సెంట్రింగ్ పనికొచ్చిన కుర్రాడు ముద్దాయి. సాక్ష్యం కన్నడంలో నడుస్తోంది. బోనులో నిలబడి తలూపుతాడు, సగం అర్థం కాదు. అతనికి తెలిసిన భాషలో కోర్టులోనే వివరించాలని చట్టం ఉంది. కానీ ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి కదా. తెలుగులో చెప్పేవాళ్లు ఆ రోజు లేకపోతే, వాళ్లు వచ్చేదాకా ఆగమనడం న్యాయమైన కోరికే. ఆ మాట మెమోలో రాసివ్వండి. "వ్యక్తిగత కారణాల వల్ల" అని మాత్రం రాయకండి, దాన్ని చూసి చూసి జడ్జిలకు విసుగొచ్చేసింది. ఆస్పత్రిలో ఉంటే ఆ కాగితం, లాయరును మార్చి ఉంటే ఎప్పుడు మార్చారో ఆ తేదీ పెట్టండి. తేదీ నిన్నటిదైతే ఎందుకన్నది కూడా మీరే చెప్పండి, ఎలాగూ అడుగుతారు.

ఇక మీ ప్రశ్నలు. కాఫీ కూడా వచ్చినట్టుంది. సొంత కేసు నంబర్లు మాత్రం మైకులో చెప్పొద్దు.