రొటోరువా వన్ డే ట్రిప్ రివ్యూ: గైడెడ్ టూర్‌లో గైడ్ ఎక్కడ?

నమస్తే అండి, అందరూ బాగున్నారా?

ముందు ఈ క్లిప్ చూడండి. ఇది మా అమ్మ కాలి మెట్టె. పొద్దున ఆరు గంటలకు ఇక్కడ న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లో బస్సెక్కే ముందు తీశాను, తెల్లగా మెరుస్తోంది. ఇప్పుడు ఇది చూడండి. అదే మెట్టె, రాత్రి ఇంటికొచ్చాక. పైన పసుపు తిరిగింది, చెక్కిన గీతల్లోనైతే నల్లగా అయిపోయింది. దేనికీ తగల్లేదు, నీళ్ళలో పడలేదు. కేవలం గాలి. రొటోరువా గాల్లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువు వెండిని పట్టుకుంటే జరిగేది ఇదే. వెండి పట్టీలు, మెట్టెలు, మొలతాడు ఏవున్నా ఇంట్లో తీసిపెట్టి వెళ్ళండి. మెట్టెలు తీయకూడదు అనుకునేవాళ్ళు మాత్రం రాగానే విభూతితో రుద్దండి. అమ్మ అలాగే చేసింది, రెండు రోజుల్లో మళ్ళీ తెల్లబడ్డాయి.

సరే, విషయానికి వస్తాను. అమ్మానాన్న కొత్తగూడెం నుంచి వచ్చి నెల రోజులైంది. నాన్న సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు, చివరి ఏళ్ళన్నీ మణుగూరులోనే. భూమి లోపల ఏముందో అన్నది ఆయన జీవితమంతా చూసిన పని. అందుకే బీచ్‌లు, టవర్లు కాకుండా రొటోరువా తీసుకెళ్దాం అనుకున్నాను. రానూ పోనూ నేనే డ్రైవ్ చేస్తే ఆరున్నర, ఏడు గంటలు స్టీరింగ్ దగ్గరే అయిపోతుంది కాబట్టి గైడెడ్ డే ట్రిప్ బుక్ చేశాను. కంపెనీ పేరు చెప్పను. ఎందుకు చెప్పనంటే, మేం పడ్డ ఇబ్బంది ఒక్క కంపెనీది కాదు, ఈ ట్రిప్పులు చాలావరకు ఇలాగే ప్లాన్ చేస్తారు. ఏం చూసుకుని బుక్ చేయాలో తెలిస్తే మీకు సరిపోతుంది.

రొటోరువా న్యూజిలాండ్ ఉత్తర దీవి మధ్యలో, ఆక్లాండ్ నుంచి దాదాపు 230 కిలోమీటర్లు. టౌపో అగ్నిపర్వత మండలం అంటారు ఆ ప్రాంతాన్ని. అక్కడ భూమి లోపలి వేడి పైకి చాలా దగ్గరగా ఉంటుంది. వాన నీళ్ళు పగుళ్ళలోంచి కిందికి ఇంకి, ఆ వేడికి మరిగి, దారిలో రాళ్ళలోని ఖనిజాలన్నీ కరిగించుకుని మళ్ళీ పైకి వస్తాయి. మీరు అక్కడ చూసేదంతా, ఆ రంగులు, ఆవిరి, బుడబుడలాడే బురద, ఆ నీళ్ళు చేసే పనే. ఊరి పొలిమేరలోకి బస్సు వెళ్ళగానే వాసన మొదలవుతుంది. కోడిగుడ్డు కుళ్ళిన వాసన. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పావుగంటలో అలవాటైపోతుంది, నిజంగా. ఆస్తమా ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగి వెళ్ళండి, ఇన్‌హేలర్ చేతి సంచిలోనే పెట్టుకోండి.

మొదటి స్టాప్ వై-ఓ-టాపు అనే వేడినీళ్ళ మడుగుల పార్కు, రొటోరువా దాటాక ఇంకో అరగంట దూరం. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల భాషలో వై అంటే నీళ్ళు, టాపు అంటే పవిత్రం. అక్కడ లేడీ నాక్స్ అనే గీజర్ ఉంది, అంటే భూమిలోంచి వేడినీళ్ళు ధారగా ఎగిరే చోటు, రోజూ ఉదయం 10:15కి పైకి చిమ్ముతుంది. టైము ప్రకారం ఎలా వస్తుంది అని నాన్న బస్సులోనే అడిగారు. సబ్బు వేస్తారు కాబట్టి. అవును, సబ్బే. 1901లో దగ్గర్లోని ఓపెన్ జైలు ఖైదీలు అక్కడి వేడినీళ్ళలో బట్టలు ఉతుక్కుంటే, సబ్బు పడగానే నీళ్ళు ఎగిరాయట. అలా తెలిసింది. లోపల పైన కాస్త చల్లటి నీళ్ళు, కింద బాగా వేడి నీళ్ళు ఉంటాయి. సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తే రెండూ కలిసిపోయి ఒక్కసారిగా పైకి వస్తాయి. అక్కడి ఉద్యోగి ఒకాయన మైకులో ఇదంతా చెప్పి, తెల్లటి దిబ్బ నోట్లో సబ్బు పోశారు. ముందు నురగ వచ్చింది, పాలు పొంగినట్టు మెల్లగా అంచు దాటి కారింది. కాసేపు అంతే. తర్వాత ఒక్కసారిగా ధార లేచింది. మంచి రోజున 20 మీటర్ల దాకా వెళ్తుందట.

నా అభిప్రాయం అడిగితే, చూడొచ్చు, కానీ దీని కోసమే ఉదయం అంతా సర్దుకోనక్కర్లేదు. ఎందుకంటే గీజర్ ఉన్న చోటు వేరు, అసలు పార్కు గేటు వేరు. అయిపోగానే వందల మంది ఒకేసారి గేటు దగ్గరికి వస్తారు. లోపలికి వెళ్ళేసరికి పదకొండు కావస్తోంది. డ్రైవర్ మా చేతిలో మ్యాప్ పెట్టి, 11:45కి బస్సు దగ్గర ఉండాలన్నారు. గైడ్ ఏరండీ అని అడిగాను. ఇక్కడ గైడ్ ఉండరు, మీరే చూసుకోవాలి అన్నారు. అంటే మనం గైడెడ్ టూర్ అని డబ్బులు కట్టిన ట్రిప్పులో, రోజులో అతి ముఖ్యమైన చోట, యాభై నిమిషాలు, ఒక మ్యాప్. ఆ పార్కులో మూడు దారులున్నాయి. అన్నీ తిరిగితే దాదాపు 3 కిలోమీటర్లు, గంటా పావు పడుతుంది. అరవై ఎనిమిదేళ్ళ నాన్నకి మెట్లున్న దారిలో యాభై నిమిషాల్లో ఎంత వస్తుంది? మొదటి దారి ఒక్కటే చూశాం, చివరనున్న సరస్సు దాకా వెళ్ళలేకపోయాం. ఆ సాయంత్రం షాపింగ్ స్టాప్‌కి నలభై నిమిషాలు ఇచ్చారని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. మళ్ళీ ఎప్పుడు వస్తారో తెలియని పెద్దవాళ్ళు కదా.

కానీ ఆ యాభై నిమిషాల్లోనే షాంపేన్ పూల్ చూశాం. ఇక్కడ కొంచెం ఆగుతాను.

65 మీటర్ల వెడల్పు, 62 మీటర్ల లోతు ఉన్న గుండ్రటి మడుగు. సుమారు 900 ఏళ్ళ కిందట భూమి లోపలి ఆవిరి పేలి ఏర్పడిన గుంట అది. పై నీళ్ళే 74 డిగ్రీల వేడి. అంచు చుట్టూ నారింజ రంగు గట్టు, పండిన బొప్పాయి కోసినప్పుడు లోపల ఉంటుందే, ఆ రంగు. ఆర్సెనిక్, యాంటిమొనీ సమ్మేళనాలు పేరుకుని అలా అవుతుంది. నారింజ అయిపోయిన చోట నీళ్ళు ఆకుపచ్చ. లోపలి నుంచి సన్నటి బుడగలు వరుసలుగా పైకి వస్తుంటాయి, అది కార్బన్ డయాక్సైడ్, సోడాలో వచ్చేదే. ఆవిరి దట్టంగా ఉంది, ఎదుటి గట్టు కనబడలేదు. అప్పుడు గాలి తిరిగింది. ఒక్క నిమిషం మొత్తం తెరుచుకుంది. అమ్మ దండం పెట్టుకుంది. నేను కెమెరా కిందికి దించేశాను, అందుకే ఆ నిమిషం ఈ వీడియోలో లేదు.

వచ్చే దారిలో డెవిల్స్ బాత్ అని ఇంకో మడుగుంది. పసుపు కలిసిన చిలకాకుపచ్చ, గంధకం, ఇనుము వల్ల. అది దాదాపు పరిగెడుతూ చూశాం.

ఒక హెచ్చరిక. చెక్క బాటలు, కట్టిన కంచెలు దాటి ఒక్క అడుగు కూడా వేయకండి. గట్టిగా కనబడే నేల పైన పలచటి పెచ్చు మాత్రమే, కింద మరిగే నీళ్ళు. ఫోటో కోసం పిల్లల్ని కంచె మీద కూర్చోబెట్టడం నేను కళ్ళారా చూశాను. దయచేసి వద్దు.

లంచ్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మేం పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళాం. వెజ్ తినేవాళ్ళు అలాగే చేయండి.

మధ్యాహ్నం ఫాకరేవరేవ. ఇంగ్లీషు అక్షరాలు చూస్తే వకరేవరేవ అనిపిస్తుంది, కానీ మావోరీ ఉచ్చారణలో అక్కడ ఫ పలుకుతుంది. ఇది పార్కు కాదు, ఊరు. టూహోరంగి, ఙాటి వాహియావో అనే మావోరీ జనం ఇప్పటికీ అక్కడే కాపురాలు ఉంటున్నారు. వాళ్ళ ఇళ్ళ పక్కనే, పెరట్లోనే ఆవిరి లేస్తుంటుంది. మమ్మల్ని తిప్పింది ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ. వంతెన దాటగానే ఆవిడ మొదట అడిగింది, మీరు ఏ ఊరి నుంచి వచ్చారు అని. ఆక్లాండ్ అంటే ఊరుకోలేదు, అమ్మానాన్నల ఊరు అడిగారు. కొత్తగూడెం అని నాన్న చెప్తే, రెండుసార్లు పలికి నేర్చుకున్నారు.

ఇక చూడండి, ఒకే వేడినీళ్ళు, ఎన్ని పనులు చేస్తాయో. మరిగే మడుగులో గుడ్డ సంచిలో కట్టిన మొక్కజొన్న కంకులు దించారు. నేల మీద ఒక చెక్క పెట్టె, కింది నుంచి ఆవిరి, మూత తీస్తే లోపల మాంసం, దుంపలు ఉడుకుతున్నాయి. అమ్మ ఇడ్లీ పాత్ర అంది. ఆవిడకి ఇడ్లీ అంటే ఏంటో నేను చెప్పాను, అయితే ఈ పెట్టెలో పెట్టొచ్చు అన్నారు. ఇంకోవైపు కాలవల ద్వారా నీళ్ళు స్నానాల తొట్లలోకి మళ్ళిస్తారు. సాయంత్రం సందర్శకులు వెళ్ళాక ఊరివాళ్ళు అక్కడే స్నానం చేస్తారు. ఒళ్ళు నూనె రాసుకున్నంత నునుపుగా అవుతుందని వాటిని ఆయిల్ బాత్స్ అంటారట. కంకి తిన్నాం. ఉప్పు వేయకుండానే సన్నటి ఉప్పదనం ఉంది.

అప్పుడు నాన్న అడిగారు. "మా దగ్గర మణుగూరు పక్కన పగిడేరులో బోరు వేస్తే వేడినీళ్ళు వాటంతటవే పైకి వచ్చినయి. సింగరేణి దాని మీద 20 కిలోవాట్ల కరెంటు ప్లాంటు కూడా పెట్టింది. ఇక్కడ ఇంత వేడి ఉంది కదా, బోర్లు వేయలేదా?" నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నడుస్తున్నదల్లా ఆగిపోయారు.

వేశారట. ఊరంతా వేశారట. ఇళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికి, హోటళ్ళకి, ఈత కొలనులకి, ఎవరికి వాళ్ళు బోరు దింపి వేడి తోడుకున్నారు. తోడేకొద్దీ లోపలి ఒత్తిడి పడిపోయి గీజర్లు నీరసించాయి, కొన్ని ఆగిపోయాయి. చివరికి 1986లో ప్రభుత్వం పొహుటు గీజర్ చుట్టూ 1.5 కిలోమీటర్ల లోపల ఉన్న బోర్లన్నీ మూసేయాలని నిర్ణయించింది. ఊళ్ళో గొడవైంది, వేడి పోయిన ఇళ్ళవాళ్ళకి కోపం వచ్చింది. కానీ నీళ్ళు తిరిగి లేచాయి, పొహుటు మళ్ళీ బలం పుంజుకుంది. ఇది చెప్తూ ఆవిడ మమ్మల్ని గట్టు మీదికి తీసుకెళ్ళారు. ఎదురుగా అదే పొహుటు. సబ్బు లేదు, టైము లేదు. గంటకు ఒకటి రెండుసార్లు దానంతటదే వస్తుంది, 30 మీటర్ల దాకా వెళ్తుంది. మేం నిలబడ్డ ఇరవై నిమిషాల్లో వచ్చింది. ముందు చిన్న గీజర్ ఒకటి ఎగిరింది. నాన్న అది చూపించి, ఇప్పుడు పెద్దది వస్తుంది చూడు బిడ్డా అన్నారు. అన్నట్టే వచ్చింది. పొద్దున చూసిన ధారకి, దీనికి పోలికే లేదు.

ఆ గట్టు మీదే ఆవిడ సోఫియా కథ చెప్పారు. సోఫియా హినెరంగి, ఇక్కడి గైడ్లలో చాలా పేరున్న మనిషి. అప్పట్లో టరవెరా కొండ దగ్గర, రొటోమహానా సరస్సు ఒడ్డున పింక్, వైట్ టెర్రెస్‌లని, మెట్లు మెట్లుగా పేరుకున్న సిలికా గట్లు ఉండేవి. ప్రపంచం నలుమూలల నుంచి చూడటానికి వచ్చేవాళ్ళు, దారి చూపించింది సోఫియా. 1886 జూన్ 10 తెల్లవారుజామున టరవెరా కొండ పేలింది. సుమారు 120 మంది చనిపోయారు, టెర్రెస్‌లు పోయాయి. ఆ రాత్రి సోఫియా ఇంట్లో అరవై మందికి పైగా తలదాచుకుని బతికారు. ఇళ్ళు, పొలాలు పోయిన టూహోరంగి వాళ్ళకి ఈ ఫాకరేవరేవ జనం చోటిచ్చారు. సోఫియా ఇక్కడికొచ్చి మళ్ళీ గైడ్‌గానే పనిచేసింది. ఆమె తర్వాత ఎందరో ఆడవాళ్ళు ఇదే పని చేశారు, ఇప్పుడు మాకు చెప్తున్న ఈవిడ దాకా.

అందుకే నేను చెప్పేది ఇదొక్కటే. ట్రిప్ బుక్ చేసేటప్పుడు గైడెడ్ అన్న మాట చూసి ఆగిపోకండి. ఎక్కడ గైడ్ ఉంటారు, ఆ గైడ్ ఆ ఊరి మనిషేనా, ఒక్కో చోట ఎంతసేపు ఇస్తారు, షాపింగ్ స్టాప్ ఉందా, టికెట్లు ధరలోనే కలిసి ఉన్నాయా, ఇవన్నీ ఫోన్ చేసి అడగండి. మూడు నాలుగు చోట్లు ఒకే రోజులో చూపిస్తామంటే వద్దు. పెద్దవాళ్ళు ఉంటే రొటోరువాలో ఒక రాత్రి ఉండిపోండి, ఫాకరేవరేవకి ఒక పూట, వై-ఓ-టాపుకి ఒక పూట. మా ట్రిప్పులో బస్సు, సీట్లు, టైముకి రావడం అన్నీ బాగున్నాయి, అది కూడా చెప్పాలి. కానీ అదే కంపెనీతో మళ్ళీ వెళ్తానా అంటే, వెళ్ళను. ఆ ఊరికి మాత్రం మళ్ళీ వెళ్తాను.

బస్సు కదిలాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. హామిల్టన్ దాటాక ఫోన్ తీసి, మణుగూరులో తనతో పనిచేసిన స్నేహితుడికి వాట్సాప్‌లో కాల్ చేశారు. "పగిడేరు బోరు ఇప్పుడు ఎట్లుంది? నీళ్ళ మట్టం ఎవరన్నా చూస్తున్నరా?" అని అడిగారు. అవతలాయన రేపు బండి మీద పోయి చూసి వస్తానన్నారు. ఫోటోలు పంపితే మీకూ చూపిస్తాను. ఉంటానండి.