అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుందా? మూలకణ చికిత్స ఇంకా ఎక్కడ మెరుగుపడాలి

అందరికీ నమస్కారం.

మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్లు ఎన్ని అడిగినా చివరికి తేలేది ఒకే ప్రశ్న దగ్గర: "అరిగిపోయిన గుజ్జు మళ్లీ వస్తుందా, డాక్టర్ గారూ?" ఇది చాలా పాత ప్రశ్న. 1743లో విలియం హంటర్ అనే వైద్యుడు మనం గుజ్జు అనే కీళ్ల మృదులాస్థి (కార్టిలేజ్) మీద ఒక పరిశోధన పత్రం రాస్తూ, అది ఒకసారి పాడైతే తిరిగి బాగుపడదని తేల్చాడు. దాన్ని పూర్తిగా తప్పని నిరూపించే స్థితికి మనం ఇప్పటికీ చేరలేదు.

ఎందుకు బాగుపడదు? ఎముకల చివర్లను కప్పి ఉండే ఈ పొర మందం కొన్ని మిల్లీమీటర్లే. అందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. బరువులో 65 నుంచి 80 శాతం దాకా నీరే. ఆ నీటిని అగ్రికన్ అనే భారీ అణువులు పట్టి ఉంచుతాయి. వాటిని రెండో రకం కొల్లాజెన్ అనే ప్రోటీన్ వల బిగించి ఉంచుతుంది. కణాలు మాత్రం బహు తక్కువ. చర్మం తెగితే రక్తం వస్తుంది, గడ్డకడుతుంది, దాని వెంటే మరమ్మతు చేసే కణాలూ వస్తాయి. ఇక్కడ రక్తమే రాదు కాబట్టి మరమ్మతు మొదలే కాదు. నరాలు లేవు కాబట్టి పాడవుతున్నట్టు మనకు తెలియదు కూడా. నొప్పి తెలిసేసరికి కింది ఎముక, కీలు లోపలి పొర కూడా ఇబ్బందిలో పడి ఉంటాయి.

మూలకణాల దగ్గరికి వెళ్లేముందు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఆటలో దెబ్బ తగిలి గుజ్జులో ఒకచోట గుంట పడటం వేరు, ఏళ్ల తరబడి కీలు మొత్తం అరగడం వేరు. మొదటిదానికి కొంత దారి దొరికింది. స్వీడన్‌లో బ్రిట్‌బెర్గ్, పీటర్సన్ బృందం రోగి మృదులాస్థి కణాలనే తీసి, ల్యాబ్‌లో పెంచి, గుంటలో తిరిగి పెట్టింది. 1994లో ఆ ఫలితాలు ప్రచురించారు. అంతకు ముందు నుంచే సర్జన్లు గుంట అడుగున ఎముకకు సన్నటి రంధ్రాలు పొడిచి, మజ్జ పైకి ఊరేలా చేసేవారు. దానివల్ల గుంట నిండుతుంది, కానీ నిండేది అసలు మృదులాస్థి కాదు, పీచులాంటి గట్టి కణజాలం. కొన్నేళ్లు పనిచేస్తుంది, తర్వాత చాలామందిలో వదులైపోతుంది. రెండో సమస్యకు, అంటే కీలు మొత్తం అరుగుదలకు, ఈ పద్ధతులు సరిపోవు. ప్రకటనల్లో మాత్రం ఈ రెంటినీ కలిపేసి ఒకే ఇంజెక్షన్ చూపిస్తుంటారు. నాకు చిరాకు అక్కడే.

ఇక మూలకణాలు (స్టెమ్ సెల్స్), అంటే వేరే రకం కణాలుగా మారగల కణాలు. ఎముక మజ్జలో, కొవ్వులో, బొడ్డుతాడులో దొరికే మెసెంకైమల్ మూలకణాలు అనే రకాన్ని ల్యాబ్‌లో తగిన రసాయన సంకేతాలిస్తే మృదులాస్థి కణాలుగా మారతాయి. 1990ల చివర్లో ఇది తెలిసినప్పుడు అందరూ ఒకటే అనుకున్నారు: వీటిని కీలులోకి ఎక్కిస్తే వెళ్లి అతుక్కుని కొత్త గుజ్జు అల్లేస్తాయి అని. అలా జరగలేదు. ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగం కొన్ని రోజులు, వారాల్లోనే చనిపోతాయి లేదా కనబడకుండా పోతాయి. ఉన్నంతసేపు అవి చేసే పని సంకేతాలు పంపడం: వాపును తగ్గించే పదార్థాలు వదలడం, పక్క కణాలను కదిలించడం. 1991లో మెసెంకైమల్ మూలకణాలు అనే పేరును వాడుకలోకి తెచ్చిన ఆర్నాల్డ్ కాప్లాన్, అవి చేసేది సంకేతాలు పంపడమే కాబట్టి ఆ పేరు మార్చాలని 2017లో తానే రాశాడు.

గుజ్జుగా మారడానికీ సంకేతాలు పంపడానికీ ఉన్న ఈ తేడా పట్టించుకోకుండా సాగిన ఆశలకు 2023లో గట్టి పరీక్ష ఎదురైంది. అమెరికాలో మోకాలి అరుగుదల ఉన్న 475 మందిని పరిశీలించిన అధ్యయనం 'నేచర్ మెడిసిన్' పత్రికలో వచ్చింది. రోగి సొంత మజ్జ నుంచి తీసినవి, సొంత కొవ్వు నుంచి తీసినవి, దాతల బొడ్డుతాడు కణాలు, ఇలా మూడు రకాల ఇంజెక్షన్లను మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చారు. ఏడాది తర్వాత చూస్తే నొప్పి తగ్గడంలో మూడింటిలో ఏదీ స్టెరాయిడ్‌ను మించలేదు. ఎమ్మారైలో కీలు స్థితి కూడా ఏ గుంపులోనూ మారలేదు.

ఇది విని 'అంతా మోసం' అనేసేవాళ్లుంటారు. నేను అలా అనను. ఆ పరీక్షలో తేలింది ఒకటే: కణాలను ఊరికే కీలులోకి ఎక్కించి, మిగతాదంతా అలాగే వదిలేస్తే, స్టెరాయిడ్‌ను మించిన లాభం రాదు. కాబట్టి మెరుగుపడాల్సింది కణాల సంఖ్య కాదు. ఏ కణం, ఏ స్థితిలో, ఎక్కడ, ఎలాంటి కీలులో అన్నదే అసలు విషయం.

కణాల నాణ్యత నుంచే మొదలుపెడదాం. మజ్జలోని కణాల్లో ఈ రకం కణాల వాటా ఒక శాతంలో వందో వంతు దాకానే ఉంటుంది, వయసుతో ఇంకా పడిపోతుంది. ఒక దాత కణాలు బాగా పనిచేస్తే ఇంకొకరివి చేయవు. ల్యాబ్‌లో ఎక్కువసార్లు విభజింపజేస్తే ముసలివవుతాయి. అందుకే కొందరు పరిశోధకులు రోగి కణాలు వదిలి, చర్మం లేదా రక్త కణాలను మూలకణ స్థితికి వెనక్కి తిప్పి తయారుచేసే ఐపీఎస్ కణాల వైపు వెళ్లారు. జపాన్‌లో యమనకా బృందం 2006లో ఎలుకల్లో, 2007లో మనుషుల కణాల్లో దీన్ని చేసి చూపింది. ఒకే బ్యాంకు నుంచి ఎన్నిసార్లైనా ఒకే రకం కణాలు తీయవచ్చు. పూర్తిగా మారని కణం ఒక్కటి మిగిలినా కణితి ముప్పు ఉంటుంది కాబట్టి ఇక్కడ జాగ్రత్తలు చాలా ఎక్కువ.

రెండో తలనొప్పి నాకు అన్నిటికన్నా ఆసక్తికరం. మజ్జ నుంచి వచ్చిన ఈ కణాలు మృదులాస్థి దగ్గర ఆగవు. ఉబ్బి, పదో రకం కొల్లాజెన్ తయారుచేస్తూ, ఎముకగా మారే దారి పడతాయి. పిండంలో ఎముకలు ఏర్పడే పాత దారే అది. అంటే పని చేయించడం కన్నా చేస్తున్న పనిని సరైన చోట ఆపడమే కష్టం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2020లో ఎలుకల మీద చూపించిన ఉపాయం ఈ కోణం నుంచే వచ్చింది. వాళ్లు బయటి కణాలేవీ తేలేదు. రంధ్రాలు పొడవడం వల్ల మేల్కొన్న అక్కడి మూలకణాలకు బీఎంపీ2 అనే ప్రోటీన్ ఇచ్చారు. అది వాటిని ఎముక వైపు నడిపిస్తుంది. మధ్యలో మృదులాస్థి దశ రాగానే, రక్తనాళాల పెరుగుదలకు కారణమయ్యే వీఈజీఎఫ్ సంకేతాన్ని అడ్డుకున్నారు. దాంతో ఆ దశలోనే ఆగి మృదులాస్థి ఏర్పడింది. ఇది ఎలుకల మాట. మనిషి మోకాలి మీద పడే భారం వేరు, గుజ్జు మందం వేరు.

కణాలను నిలబెట్టడం ఇంకో పని. కీలు కదులుతూనే ఉంటుంది, ద్రవంలో తేలే కణం ఎక్కడికైనా కొట్టుకుపోతుంది. అందుకే జెల్‌లో పెట్టి గుంటలో దించుతున్నారు. దక్షిణ కొరియా 2012లో అనుమతించిన కార్టిస్టెమ్ అలాంటిదే: బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన కణాలను హయలురోనేట్ జెల్‌తో కలిపి, ఆపరేషన్ చేసి గుంటలో నింపుతారు. ఒక్క సూదిమందుతో అయిపోయే పని కాదు.

కణాలను పక్కన పెట్టి, అవి వదిలే, సంకేతాలు మోసే సన్నటి సంచుల్లాంటి కోశాలనే మందుగా వాడదామనే ఆలోచన కూడా నడుస్తోంది. నిల్వ తేలిక, రవాణా తేలిక. మోతాదును ఎలా కొలవాలన్నదే ఇంకా చిక్కు.

ఇక కీలు. వాపుతో మండుతున్న, వంకరగా ఉన్న మోకాలిలో మంచి కణాలు పెట్టడం, కారుతున్న కప్పు కింద గోడకు సున్నం వేయడం లాంటిది. వాపు రసాయనాలు కొత్త కణాలను కూడా చంపుతాయి. కాలు వంకర ఉంటే బరువంతా ఒకవైపే పడి కొత్త పొర మళ్లీ అక్కడే అరుగుతుంది. అందుకే కొందరు సర్జన్లు ముందు ఎముకను సరిచేసి తర్వాత కణాలు పెడుతున్నారు. బరువు సంగతి కూడా ఇక్కడిదే: ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూశారు. ఇది ఏ ల్యాబ్‌లోనూ తయారుకాదు, పైసా ఖర్చూ లేదు. అయినా ఎవరికీ నచ్చదనుకోండి.

ఈ చికిత్స నిజంగా మెరుగైందని ఎలా తెలుస్తుంది? కీలులోకి ఉత్త ఉప్పునీళ్ల ఇంజెక్షన్ ఇచ్చినా చాలామందికి నెలల పాటు నొప్పి తగ్గుతుంది. కాబట్టి 'నాకు బాగుంది' అనే వీడియోలు రుజువు కావు. ఉత్త ఇంజెక్షన్‌తో పోల్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ పరీక్షించేవాళ్లకీ తెలియకుండా చేసిన పరీక్షలు కావాలి. నొప్పిని ఒకపక్క, ఎమ్మారైలో గుజ్జు మందాన్ని ఇంకోపక్క విడిగా చూడాలి. ఎవరైనా మీకు ఈ ఇంజెక్షన్ ఇస్తామంటే, కణాలు ఎక్కడివి, ఎన్ని బతికున్నాయని ఎలా తేల్చారు, పరిశోధన పరీక్షలో (క్లినికల్ ట్రయల్) భాగంగా ఇస్తున్నారా లేక డబ్బు తీసుకుని ఇస్తున్నారా అని అడగండి. పరీక్ష అంటూనే ఫీజు అడిగితే, ఇంకో డాక్టర్‌ను కూడా కలిసి మాట్లాడాకే నిర్ణయం తీసుకోండి.