పవర్ ఉన్న యాంటీబయోటిక్ అనేదే లేదు!

పవర్ ఉన్న యాంటీబయోటిక్ అనేదే లేదు. పోయిన వీడియోలో ఈ మాట అన్నందుకు నన్ను ఉతికి ఆరేశారు. మొండి బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లో తిష్ట వేస్తే పెద్ద మందు వేయక ఏం చేస్తారని అడిగారు. సరే, ఈరోజు అదే మాట ఇంకా గట్టిగా చెబుతున్నా. వినండి.

డాప్టోమైసిన్. 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. మామూలు మందులకు లొంగని ఎంఆర్ఎస్ఏ అనే బ్యాక్టీరియా రక్తంలో చేరితే వాడే మందు ఇది. ల్యాబ్ ప్లేటు మీద న్యుమోనియా క్రిముల్ని కూడా చంపేస్తుంది. మరి న్యుమోనియా రోగులకిచ్చి చూస్తే? ఎప్పటినుంచో వాడుతున్న సెఫ్ట్రియాక్సోన్ ముందు తేలిపోయింది!

ఎందుకంటే, ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలిగదులు ముడుచుకుపోకుండా వాటి లోపల సర్ఫాక్టెంట్ అనే పల్చటి కొవ్వు పొర ఉంటుంది. డాప్టోమైసిన్ పని క్రిమి పైపొరలోకి దూరి దాన్ని పాడుచేయడం. కానీ ఈ కొవ్వు తగిలిందంటే బంకకు అంటుకున్న ఈగలా అక్కడే చిక్కుకుపోతుంది. క్రిమి జోలికే పోదు. ల్యాబ్ రిపోర్టులో ఆ మందు ఎదురుగా ‘సెన్సిటివ్’, అంటే క్రిమి దీనికి లొంగుతుంది అని ఉన్నా సరే, న్యుమోనియాకు పనికిరాదు. ఇప్పుడు చెప్పండి, ఆ పవర్ ఎక్కడికి పోయింది?

ఇంకోటి, టైగీసైక్లిన్. ఎన్నో మొండి క్రిముల మీద పనిచేస్తుందని పేరు. పోల్చి చూసిన మందుల కంటే దీనితో మరణాలు ఎక్కువని తేలి, 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరికను దాని మీద వేయించింది. ఆ తేడా మరీ ఎక్కువగా కనిపించింది ఎక్కడో తెలుసా? వెంటిలేటర్ మీద వచ్చే న్యుమోనియాలో!

కొలిస్టిన్‌ని ‘ఆఖరి అస్త్రం’ అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. కిడ్నీలను దెబ్బతీస్తుందని 1970ల్లో పక్కన పెట్టేసిన మందు అది. వేరే దారి లేక మళ్లీ బయటికి తీశారు. నరానికి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి చేరేది తక్కువే. ఆఖరిది అంటే బలమైనది అని ఎవరు చెప్పారు?

అందుకే నా వాదన ఒక్కటే: మందు బలం కాదు, దారి ముఖ్యం. నేరుగా పీల్చే మందుల మీదే డబ్బూ బుర్రా పెట్టాలి. 2023లో వచ్చిన ఫ్రెంచ్ ట్రయల్ చూడండి. కనీసం 3 రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు రోజుకోసారి చొప్పున 3 రోజులు అమికాసిన్ అనే యాంటీబయోటిక్‌ని తుంపర్లుగా పీల్పించారు. 28 రోజుల్లో న్యుమోనియా వచ్చింది 15 శాతం మందికి. మందు లేని తుంపర్లు పీల్చినవాళ్లలో 22 శాతం మందికి! “అది రాకుండా ఆపడమే కదా, నయం చేయడం కాదుగా” అంటారు. నిజమే, చికిత్సగా అమికాసిన్ పీల్పించిన ఇన్‌హేల్ ట్రయల్‌లో మరణాలు తగ్గలేదు. అయినా నా పందెం దీని మీదే. తుంపర ఎంత సన్నగా ఉంది, యంత్రం ఏది, దాన్ని వెంటిలేటర్ గొట్టంలో ఎక్కడ బిగించారు అన్నదాన్ని బట్టి లోపలికి చేరే మందే మారిపోతుంది. ముందు అది సరిచేసి, మళ్లీ ట్రయల్ పెట్టండి!

ఇక రోగి దగ్గరున్న వాళ్లు “ఇంకా పవర్ ఉన్నది రాయండి సార్” అనడం మానేసి, “ఏ క్రిమి? ఈ మందు ఊపిరితిత్తుల దాకా వెళ్తుందా?” అని అడగండి. వీలైతే మొదటి డోసు పడకముందే కఫాన్ని కల్చర్‌కి, అంటే క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్షకి పంపించమనండి. మందు పడ్డాక తీస్తే క్రిమి ప్లేటులో పెరగకపోవచ్చు. కానీ మనిషి ఆయాసంతో కొట్టుకుంటుంటే మాత్రం కఫం కోసం మందు ఆపకూడదు.