పాత అడవి సినిమాల్లో అసలు అడవి ఎంత?

శ్రోతలకు నమస్కారం.

1932లో వచ్చిన ‘టార్జాన్ ది ఏప్ మ్యాన్’లో ఆఫ్రికా కళ్లకు కడుతుంది. షూటింగ్ జరిగిందేమో కాలిఫోర్నియాలో! మరి ఆ అడవి దృశ్యాలు ఎక్కడివి? అంతకు ముందు ఏడాది విడుదలైన ‘ట్రేడర్ హార్న్’ కోసం దర్శకుడు వాన్ డైక్ బృందం ఆఫ్రికా వెళ్లి బోలెడంత ఫిల్ము తీసుకొచ్చింది. అందులో మిగిలినదాన్ని ఇందులో వాడారు. రెండింటికీ ఎం.జి.ఎం. సంస్థే నిర్మాత, వాన్ డైకే దర్శకుడు.

అడవిలో మృగాన్ని తీయడం అప్పట్లో మాటలు కాదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు తినేస్తుంది. చేత్తో మోయగలిగే ఐమో కెమెరాలో పట్టేది 100 అడుగుల చుట్ట, అంటే నిమిషం పైచిలుకు. పైగా స్ప్రింగుకు కీ ఇస్తూ ఉండాలి. తీసిన ఫిల్మును ఆ వేడిలో, తేమలో ఎక్కువ రోజులు ఉంచితే బొమ్మ మసకబారుతుంది. అందుకే అలా దొరికిన ఒక్కో షాటూ నాకు అపురూపమే.

ఇక ఆ అడవి షాట్లకూ స్టూడియోలోని నటులకూ వేసే అతుకు సంగతి. స్టూడియోలో పలుచని తెర వెనకనుంచి అడవి దృశ్యాన్ని వేసి, ముందు నటులను నిలబెట్టి తీసేవారు. ఇదే బ్యాక్ ప్రొజెక్షన్. ప్రొజెక్టరు షట్టరూ కెమెరా షట్టరూ ఒకే క్షణంలో తెరుచుకోవాలి, లేకపోతే వెనక బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. అంతా కుదిరినా, ఒకసారి తీసిన బొమ్మనే మళ్లీ తీయడం వల్ల వెనక భాగం గరుకుగా, బూడిదరంగుగా తేలుతుంది. తెర మధ్య వెలుగు ఎక్కువ, అంచులు చీకటి. అన్నిటికన్నా ముందు నీడలు చూడండి. నటుడి నీడ ఒక వైపు, చెట్ల నీడ మరో వైపు పడితే అతుకు దొరికినట్టే.

ఆ టార్జాన్ చిత్రంలో మచ్చికైన ఆసియా ఏనుగులకు పెద్ద పెద్ద కృత్రిమ చెవులు తగిలించి ఆఫ్రికా ఏనుగులుగా చూపించారు. చెవులు అతికించారు సరే, వీపును మార్చలేరు కదా! ఆఫ్రికా ఏనుగు వీపు నడుమ లోపలికి వంగి ఉంటుంది, మన ఏనుగుది ఉబ్బుగా ఉంటుంది. తలపై రెండు గుబ్బలుండేదీ మన ఏనుగుకే. దగ్గరి షాటైతే తొండం కొసను కూడా గమనించండి. ఆఫ్రికా ఏనుగుకు అక్కడ వేలు లాంటి మొనలు రెండు, మన ఏనుగుకు ఒకటే.